నీలం తెర ఆర్పొద్దన్నాను

బచేలి ఇనప గనుల పక్కన ఖనిజం జల్లెడ పట్టే చిన్న ప్లాంటు మాది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని బెల్టులు నడిపేదాన్ని. మా ఆయన ఫిట్టరు. బెల్టుల కింద దూరి రోలర్లకి పట్టిన ఎర్రమట్టి గోకేవారు. బెల్టు కదిలే ముందు, కింద ఎవరూ లేరని తెలిసేలా గుమ్మంలో వేలాడే రైలుపట్టా ముక్క మీద సుత్తితో కొట్టాలి. అది మోగేదాకా నేను మౌసు ముట్టను.

ఆ మధ్యాహ్నం పట్టా మోగలేదు. నేను ముట్టలేదు. ఉన్నట్టుండి తెరంతా నీలమైపోయింది, కిటికీ అవతల బెల్టు కదిలింది. కింద మా ఆయన! ఓలమ్మో అంటూ గోడమీది ఎర్ర బటన్ గుద్దాను. బెల్టు ఆగింది. ఆయన పాక్కుంటూ బయటికొచ్చారు. మెళ్లో తువ్వాలు రోలరు మింగేసింది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. మనిషిని చూడలేదు, తెర చూశాడు. "బంద్ కర్‌కే చాలూ కరో" అన్నాడు. ఆర్పి మళ్లీ వెయ్యడం, మా ప్లాంటులో అన్ని రోగాలకీ అదే మందు. అంటూనే ప్లగ్గు మీద చెయ్యేశాడు.

"ముట్టుకున్నారంటే మర్యాద దక్కదు!" అన్నాను. తను ఎందుకు కుప్పకూలిందో కంప్యూటర్ ఒక ఫైల్లో రాసుకుంటోంది, మధ్యలో ఆర్పితే సాక్ష్యం పోతుంది. రిపేరుకొచ్చిన ఇంజినీరు ఒకసారి చెప్పాడు. ఎంత రాసిందో చూపే అంకె తెర మీద నత్తలా పాకుతోంది. కరెంటు పోతుందేమోనని బల్బు వంకా తెర వంకా చూస్తూ నిలబడ్డాను.

చివరికి దానంతటదే మళ్లీ వెలిగింది. అయినా భయం తీరలేదు. డిస్కులో చోటు లేకపోతే ఆ ఫైలు చెరిగిపోతుందట, మావాళ్లు దాన్నిండా సినిమాలు కుక్కారు. ఒక్కొక్కటీ తీసేస్తుంటే "అరె, కొత్తవమ్మా!" అని సూపర్‌వైజరు ఏడుపు. ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి కొంగున ముడేసుకున్నాను.

"పోనీలేవే, బతికాను కదా" అన్నారు మా ఆయన.

"రేపు మళ్లీ దూరేది మీరే కదండీ!" అని భోరుమన్నాను.

ఫైలు చూసిన ఇంజినీర్లు, తప్పు బెల్టు నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే ఉందన్నారు. కూలిపోయే ముందు ఆ సాఫ్ట్‌వేరే బెల్టుని నడవమందట. మొదటినుంచీ ఉన్న తప్పేనట. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంకో మనిషి గుర్తొచ్చాడు.

నేను చేరకముందు అదే రోలరు దగ్గర ఒక గోండు కూలీకి చెయ్యి పోయింది. ఇప్పసారా తాగి చెయ్యి పెట్టాడని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు సంతలో చింతపండు అమ్ముతాడు.

వెళ్లి అడిగాను, "ఆ రోజు కంప్యూటర్‌కేమైనా అయిందా అన్నా?" అని.

మిగిలిన చేత్తో చింతపండు సర్దుతూ నాకేసి చూడకుండానే హిందీలో చెప్పాడు. "ఆపరేటరు 'నీలం, నీలం' అని అరవడం విన్నాను. బంద్ చేసి చాలూ చేశారు. నేను తాగలేదమ్మా."