హెచ్ పోయిన ఇంటిపేరు

కువైట్‌లో, రుమైథియాలోని ఆ ఇంటికి వెంకటేశ్వరి వంటపనికని వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఇంటి పెద్దావిడకు కళ్లయింది.

పెద్దావిడ పేరు మార్గరెట్. పుట్టింది లండన్‌లో. అక్కడ చదువుకోవడానికి వచ్చిన కువైటీ కుర్రవాణ్ణి పెళ్లాడి, ఇరవై ఆరో ఏట ఇక్కడికొచ్చి, యాభై ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయింది. భర్త పోయాడు. కొడుకు పై అంతస్తులో కాపురముంటాడు. ఈమధ్య ఆమెకు చూపు మసకబారి అక్షరాలు అలుక్కుపోసాగాయి. రాయచోటి దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా చదివిన వెంకటేశ్వరి పక్కన కూర్చుని కంప్యూటర్ మీది ఇంగ్లీషును ఒక్కో అక్షరమే చదివేది. మార్గరెట్ వాటిని కూడబలుక్కునేది. ఇద్దరూ మాట్లాడుకునేది మాత్రం అరబ్బీలో.

ఆ చదువంతా ఒకే ఒక్క మనిషి కోసం. మార్గరెట్ తల్లి ఈడిత్‌కు లిల్లీ అని ఒక చెల్లెలుండేది. 1930లో అమ్మానాన్నలు పోయి, అక్కచెల్లెళ్లిద్దరూ అనాథాశ్రమంలో పడ్డారు. ఈడిత్‌కు తొమ్మిదేళ్లు, లిల్లీకి ఆరు. ఒకరోజు పొద్దున్నే ఈడిత్ లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. లిల్లీని ఆస్ట్రేలియా ఓడ ఎక్కించామన్నారు. దిక్కులేని పిల్లల్ని అలా ఓడల్లో పంపేసే కాలమది. ఈడిత్ పెద్దయ్యాక, అక్కడ అలాంటి పిల్లల్ని ఉంచే బడులకు పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండూ తిరిగొచ్చాయి. లిల్లీ హార్కర్ అనే పేరుతో ఇక్కడ ఎవరూ లేరని ప్రతిదాని మీదా రాసి ఉంది. చచ్చిపోయిందో, నన్ను మరిచేపోయిందో అనుకుంటూనే ఈడిత్ కన్నుమూసింది.

తల్లి తర్వాత కూతురు పట్టుకుంది ఆ వెతుకులాట. ఓడల జాబితాలు, బడుల జాబితాలు, పెళ్లిళ్ల జాబితాలు అన్నీ తిరగేసింది. హార్కర్‌లు వందలమంది కనబడ్డారు. లిల్లీ లేదు.

"అమ్మా, ఖలాస్. ఇంక వదిలెయ్" అన్నాడు కొడుకు. మార్గరెట్ మూడు రోజులు కంప్యూటర్ తెరవలేదు.

ఆ వారంలోనే వెంకటేశ్వరి కడుపునొప్పితో ఆసుపత్రికి రెండోసారి వెళ్లింది. ఫైలు లేదన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు చేసిన పరీక్షలన్నీ ఏమైనట్టు? గంటసేపు నిలబెట్టాక ఒక మలయాళీ నర్సు నవ్వి, తెరను ఇటు తిప్పింది. ఎవరో ఆమె పేరును ముందు అరబ్బీలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి దించారు. అరబ్బీ రాతలో 'వి' లేదు కాబట్టి అది కాస్తా 'ఎఫ్' అయింది. ఫింకటిస్వారి. మనిషి ఉంది, ఫైలూ ఉంది. వెతికిన అక్షరమే వేరు.

బస్సులో కూర్చున్నాక కూడా ఆ అక్షరం ఆమెను వదల్లేదు. ఇంటికొచ్చి చెప్పులు విడవగానే నేరుగా మార్గరెట్ గదిలోకి వెళ్లింది. ఇక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని 'మామా' అనే పిలుస్తారు.

"మామా, మీ చిన్నమ్మ ఆరేండ్ల పిల్ల కదా. ఓడకాడ పేరేమని అడిగింటే ఆ పిల్లే చెప్పుకోనింటాది. ఎట్ల చెప్పింటాది?"

"లిల్లీ హార్కర్ అనే."

"నువ్వు చెప్పినట్ల కాదు మామా. మీయమ్మ ఎట్ల పలికేది? అట్ల చెప్పు."

మార్గరెట్ కళ్లు మూసుకుంది. తూర్పు లండన్‌లో, తల్లి పెరిగిన వీధిలో, మాట మొదట్లో హెచ్ ఎవరికీ పలకదు. తల్లి హౌస్‌ను ఔస్ అనేది, హ్యాట్‌ను యాట్ అనేది. మార్గరెట్ బడికి పోయి ఆ యాస వదిలించుకుంది. అరవై ఏళ్ల తర్వాత తల్లి గొంతును నోట్లోకి తెచ్చుకుని మెల్లగా పలికింది.

"లిల్లీ ఆర్కర్."

"మరి మనం హెచ్‌లో ఎందుకు వెతుకుతాండాం?" అంది వెంకటేశ్వరి.

రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్లిన ఓడ జాబితాలో ముప్పై ఎనిమిదో వరుస. ఎ, ఆర్, కె, ఇ, ఆర్. లిల్లీ. వయసు ఆరు. వెంకటేశ్వరి అక్షరాలు చదివి ఆగింది. మార్గరెట్ మళ్లీ చదవమంది. ఆరుసార్లు చదివించుకుని, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. ఈడిత్ ఉత్తరాలు ఎందుకు తిరిగొచ్చాయో అప్పుడర్థమైంది. ఆ బడుల్లో లిల్లీ హార్కర్ అనే పిల్ల నిజంగానే లేదు.

అక్కణ్ణుంచి దారి సాఫీగా సాగింది. ఆర్కర్ పేరుతో లిల్లీ పెళ్లి నమోదు దొరికింది, మొగుడి ఇంటిపేరు దొరికింది. పెళ్లి జరిగిన ఊరి గ్రంథాలయానికి ఒక ఉత్తరం రాస్తే పంతొమ్మిదో రోజున జవాబొచ్చింది. లిల్లీ చనిపోయి ఇరవై ఏళ్లయింది. ఒక్కతే కూతురు, డెబ్బై రెండేళ్లది, పెర్త్‌లో ఉంది. ఆమె పేరు ఈడిత్.

"అక్క పేరు పెట్టుకునింది మామా" అంది వెంకటేశ్వరి. "మరిచిపోయినోళ్లు పెట్టుకుంటారా?"

మార్గరెట్ ఏడ్చింది. అంతలోనే లేచి కొడుకును పిలవమంది.

మర్నాడు వీడియోలో పెర్త్ ఈడిత్ కనబడింది. తెల్లజుట్టు, మార్గరెట్‌దే గడ్డం. తనకు జడలు వేసే అక్క ఒకతె ఉండేదని తల్లి చెప్పేదట. ఆమె ఎలాగైనా ఉత్తరం రాస్తుందని పెళ్లయ్యేదాకా ఎదురుచూసిందట. మార్గరెట్ ఆ పదకొండు కవర్లనూ ఒక్కొక్కటే తెరకు చూపించింది.

మాటలయ్యాక మార్గరెట్ ఇంటిల్లిపాదికీ చెప్పింది. "నా కజిన్ దొరికింది."

"కజిన్ ఏంది మామా?" వెంకటేశ్వరి ఒప్పుకోలేదు. "చిన్నమ్మ కూతురు చెల్లెలయితాది. మాకాడ అంతే."

మార్గరెట్ ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి పెర్త్‌కు రాసింది. గంటలో జవాబొచ్చింది: "చెల్లెలు ఫిబ్రవరిలో వస్తోంది. నా గది సిద్ధం చేయించు."

అన్నట్టే వచ్చింది. విమానాశ్రయంలో మార్గరెట్‌కు దూరం నుంచి మొహాలు ఆనవు. వెంకటేశ్వరి ఆమె మోచెయ్యి పట్టుకుని, "అదిగో, నీలం కోటు. బండి తోసుకుంటా వస్తాండాది. ఇంక పది అడుగులు. ఇంక అయిదు" అని చెబుతూనే నడిపించింది. తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ శుక్రవారం సబా అల్ సలేం పేటలో పనిచేసే రమాదేవి, వెంకటేశ్వరి ఊరి మనిషి, చూసిపోదామని వచ్చింది. హాల్లో ఇద్దరు ముసలమ్మలు ఒక్క దుప్పటి కప్పుకుని, టీలో పాలు ముందు పోయాలా వెనక పోయాలా అని పోట్లాడుకుంటున్నారు.

"ఈమేనా, నువ్వు దొరకబట్టిన ఆయమ్మ?" అంది రమాదేవి గుసగుసగా.

"ఈమే" అంది వెంకటేశ్వరి. గొంతు తగ్గించకుండానే అంది.