దసరాకు నింపిన నూనె

ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏళ్లు గడిచాయి, కారు రంగు కూడా వెలిసింది, నా కోపం మాత్రం వెలవలేదు.

జిల్లాలు విడగొట్టి కల్వకుర్తిని నాగర్‌కర్నూల్‌లో కలిపిన తర్వాతి మాట. శ్రీశైలం రోడ్డు నుంచి బాగా లోపలికున్న ఒక పల్లెలో నేను టీచర్ని. బస్సు రోడ్డు మీదే దింపి పోయేది. అక్కడి నుంచి షేర్ ఆటో దొరికితే దొరికినట్టు, లేకుంటే నడక. మా ఆయన్ను బైకు మీద దింపమంటే పొద్దున్నే సణుగుడు మొదలు. విసుగొచ్చి నా జీతంతో ఒక పాత కారు కొనుక్కున్నాను, నడపడం నేర్చుకున్నాను. ఆయనకు కారు నడపరాదు, నేర్చుకుందామన్న ధ్యాసా లేదు. కారొచ్చాక నేను ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. అది పోతే మళ్లీ ఆ రోడ్డు పక్కనే ఎండలో నిలబడాలి.

ఆ ఏడు దసరాకు అత్తగారి ఊరికి కారులోనే పోయాం. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పూజకు ముందు బండిలో ఏ డబ్బా కొరతగా ఉండకూడదు. రేడియేటరులో నీళ్లు, బ్యాటరీలో నీళ్లు, ఇంజన్లో నూనె అన్నీ నిండుగా ఉండాలి. ఆ తర్వాతే పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు. మా ఆయన అన్న, అంటే మా బావ, ట్రాక్టరు నడుపుతాడు. తన ట్రాక్టరు పని కాగానే నా కారు బానెట్ ఎత్తాడు. స్టీరింగ్ నూనె ఉండే చిన్న డబ్బా మూత తీస్తే లోపల నూనె ఎర్రగా, పల్చగా ఉంది. అది అట్లాగే ఉండాలి. ఆయనకు మాత్రం నచ్చలేదు.

"గిదేం నూనె? షర్బత్ లెక్క ఉన్నది. ఎవడో మోసం జేసిండు" అన్నాడట.

పశువులకు సూదులేసే పెద్ద సిరంజి తెచ్చి ఆ నూనె గుంజి పారేశాడు. ఆముదమంత చిక్కటి ట్రాక్టరు గేరు నూనె పోశాడు. ఇంజన్ తిప్పడం, మళ్లీ గుంజడం, మళ్లీ పోయడం. ఎరుపు పోయేదాకా వదల్లేదు. నేను లోపల గారెలు వేస్తున్నాను. బయటికి వచ్చేసరికి చేతులు తుడుచుకుంటూ కనిపించాడు.

"ఇగ పదేండ్లు ఫికర్ లేదు నీకు" అన్నాడు. ఏం పోశాడో చెప్పలేదు. ఒక్క మాట నన్ను అడిగితే ఏం పోయేది?

చలి ముదిరేకొద్దీ పొద్దున పూట స్టీరింగ్ తిరగడం మానేసింది. రెండు చేతులతో వేలాడితే గాని మలుపు తిరగదు. తిరిగినప్పుడల్లా బానెట్ కింద ఈనే గేదె మూలిగినట్టు ఒకటే మూలుగు. బడి దగ్గర దిగేసరికి భుజాలు పీకేవి, బోర్డు మీద రాయడానికి చెయ్యి లేచేది కాదు.

"స్టీరింగ్ బిర్రుగైంది" అన్నాను మా ఆయనతో.

"నీ చేతులల్ల బలం లేదు, గంతే. జర గట్టిగ తిప్పు."

బావను పిలిపించాను. ఆయన మధ్యాహ్నం ఎండలో వచ్చి, ట్రాక్టరు తిప్పిన చేతులతో వీధిలో ఒక చుట్టు కొట్టి, "మంచిగనే తిరుగుతాంది" అని తీర్పు చెప్పి, చాయ్ తాగి పోయాడు. మా ఆయన ఊరుకున్నాడా? "ఆడలేక మద్దెల ఓడన్నదంట" అని పళ్లికిలించాడు. నా చేతిలో చాయ్ గిన్నె ఉంది. ఆయన అదృష్టం, ఖాళీది.

"పొద్దున పోయిన బలం మధ్యాహ్నం ఎట్లొస్తది? చేతులు గవే గదా!" అని అడిగాను.

"ఆడోళ్లకు పొద్దున పనెక్కువుంటది, అలసిపోతరు" అన్నాడు. ఛీ! ఆ పని ఎవరు చెప్తే ఎక్కువైందో మాత్రం అనలేదు.

ఒకరోజు పొద్దున పెద్దరోడ్డు ఎక్కే మలుపులో ఎదురుగా డీసీఎం వ్యాను వచ్చింది. నేను లాగుతున్నాను, చక్రం తిరగదు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేస్తే జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన దెబ్బ తగిలిందా అని అడగలేదు.

"గందుకే, గీ కారు మనకొద్దు. షాద్‌నగర్ల ఎరుకైనాయన ఉన్నడు, ఆదివారం వస్తడు. అమ్మేద్దాం."

అడగడం కాదది, చెప్పడం. నా కారు, నా జీతం, నా బడి!

మర్నాడు బడి విడిచాక బానెట్ నేనే ఎత్తాను. స్టీరింగ్ డబ్బా మూత మీద ఏ నూనె పోయాలో అచ్చు వేసే ఉంది. మూత తీస్తే జిగటగా, పసుప్పచ్చగా, గంధకం వాసన. దసరా నాడు మా బావ చేతులకున్న వాసన అదే. పొద్దున చలికి గడ్డకట్టినంత పని చేసి, మధ్యాహ్నం ఎండకు పల్చబడుతోంది ఈ చిక్కటి నూనె. అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడి నుంచి నేరుగా కల్వకుర్తిలో స్పేర్ పార్టుల దుకాణానికి పోయి ఎర్ర నూనె అడిగాను.

"సార్ రాలేదా మేడం?" అన్నాడు దుకాణపాయన.

"సార్‌కు కారు నడపరాదు. నూనె నాకియ్యి" అన్నాను.

రెండో శనివారం, బడి లేదు. పొద్దున చలిలోనే మా ఆయన్ను బయటికి పిలిచి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. ఇంజన్ నేనే స్టార్ట్ చేశాను.

"మగ చేతులు గదా, తిప్పు."

తిప్పాడు. పళ్లు బిగించి తిప్పాడు. "అవ్వో, గింత బిర్రుగున్నదేందే!" అన్నాడు. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. "అందుకే అమ్ముదామంటున్న" అన్నాడు వెంటనే.

మాట పెంచితే ఆ పూట పని ఆగిపోయేది. జాకీలు పెట్టి ముందు చక్రాలు లేపి, కింద దుంగలు దూర్చి, ఇంజన్ బంద్ చేశాను. నూనె డబ్బాకు తిరిగొచ్చే పైపు ఊడబీకి ఖాళీ సీసాలో పెట్టి, డబ్బా వైపున్న రంధ్రం మూశాను. "అటు చివరిదాకా తిప్పు, ఇటు చివరిదాకా తిప్పు, మెల్లగ" అని ఆయనకు చెప్తూ, డబ్బా ఎండిపోకుండా పైనుంచి ఎర్ర నూనె పోస్తూ పోయాను. కింద సీసాలోకి ఆ జిగట కారింది. చాలాసేపటికి అది పల్చబడింది, చివరికి ఎర్రటి నూనె వచ్చింది. పైపు బిగించి, బుడగలు పోయేదాకా మళ్లీ తిప్పించి, లోపలి గీత వరకే నింపాను. మూత దాకా కాదు.

చక్రాలు దించి ఇంజన్ వేస్తే స్టీరింగ్ రెండు వేళ్లతో తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, పచ్చి కోపంతో. ఇన్ని రోజులు నా చేతుల్ని నేనే అనుమానించేటట్టు చేశారు వీళ్లు. బావకు ఫోన్ చేసి చెప్తే, "నేను మంచికే జేసిన. మంచికి పోతే చెడెదురైనట్టుంది నా కథ" అని ఆయనే అలిగాడు. మా ఆయనేమో కారు చుట్టూ తిరిగి చూసి, "ఇగ మంచి ధర పలుకుతది" అన్నాడు.

ఆదివారం షాద్‌నగర్ ఆయన వచ్చాడు. పొద్దున చలిలోనే నడిపి చూసి, నవ్వుకుంటూ దిగాడు.

"స్టీరింగ్ మక్కన్ లెక్క మెత్తగున్నదన్నా! నేను తీసుకుంట" అని తాళం మా ఆయనకు ఇవ్వబోయాడు.

మధ్యలో చెయ్యి పెట్టి నేను అందుకున్నాను.

"బండి అమ్ముతలేను అన్నా. చాయ్ తాగి పో."

మా ఆయన ముఖం మాడిపోయింది. "నాకు ఒక్క మాటన్న చెప్పొద్దా?" అన్నాడు.

"చెప్పిన. చలి మొదలైనకాడికెల్లి రోజు చెప్పిన. నా చేతులల్ల బలం లేదంటివి."