కొండల్ రావు అభ్యంతరం

కొండల్ రావు చదువు ఊరిబడిలో ఏడో తరగతితో ఆగింది. అయితేనేం, రెండుసార్లు వార్డు మెంబరయ్యాడు, ఎండిపోయిన వాడకు బోరు వేయించాడు, కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నాడు. అన్నిటికన్నా గొప్ప, జగిత్యాల పక్కన తమ ఊరి బూత్‌లో ఎన్నికలెన్ని వచ్చినా పోలింగు ఏజెంటు ఆయనే. చచ్చినవాళ్ల పేరు మీద ఓటు వేయడానికి వచ్చినవాణ్ణి మొహం చూసి పట్టేవాడు. "అభ్యంతరం" అని లేచి నిలబడితే బూత్ మొత్తం నోరు మూసుకునేది.

అటువంటి మనిషి ఇప్పుడు ఐర్లండులో, పోర్ట్‌లీష్ జైలు ములాఖత్ గదిలో అల్లుడి కోసం కూర్చున్నాడు.

అల్లుడు యుగంధర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లెపర్డ్స్‌టౌన్ ఆఫీసు నుంచి స్వోర్డ్స్‌లోని ఇంటికి వస్తూ, ఫోను చూసుకుంటూ, సైకిలు మీద పోతున్న ఒక ముసలాయనను కారుతో గుద్దాడు. ఆయన రోడ్డు మీదే పోయాడు. యుగంధర్‌కు శిక్ష పడింది. ఈ దేశంలో ఖైదీలకూ పోస్టులో ఓటుంది; స్థానిక కౌన్సిల్ ఎన్నికలకైతే పౌరసత్వం కూడా అక్కర్లేదు. ముద్ర వేయడం కాదు, ఇష్టమైన వరసలో పేర్ల పక్కన ఒకటి, రెండు అని నంబర్లు రాయాలి. బ్యాలెట్ కాగితం వచ్చినా యుగంధర్ ముట్టలేదు. తిండి కూడా అలాగే మానేస్తున్నాడు.

"నేను జెప్తె ఇంటలేడు బాపూ. గా ఓటొక్కటి ఏపియ్యి. ఏసిండంటె మళ్ల బతుకుదామనుకున్నట్టే" అని చెప్పి, కూతురు ఉజ్వల కారులోనే ఉండిపోయింది.

యుగంధర్ వచ్చాడు. కూర్చునే ముందు పక్కనున్న ఖాళీ కుర్చీని కొంచెం వెనక్కి లాగాడు, ఎవరికో వీలు చేస్తున్నట్టు.

"ఓటెందుకు ఏస్తలేవు అల్లుడా?"

"ఆయనకు లేదు గద మామా. ఆయనకు లేంది నాకెందుకు?"

"సచ్చినోళ్లకు ఓటుండదు. గా ముచ్చట నాకే జెప్తవా? నువ్వు బతికున్నవు."

యుగంధర్ ఖాళీ కుర్చీ వైపు తల వంచాడు, మీటింగులో పక్కవాడి మాట వినేవాడిలా. మిగతా బల్లల దగ్గర పిల్లలు గోల చేస్తున్నారు. ఆ కుర్చీ చుట్టూ మాత్రం చప్పుడు పలచబడ్డట్టుంది. కొండల్ రావు తనకు తెలియకుండానే కాళ్లు ముడుచుకున్నాడు, అటువైపు తగలకుండా.

"సరే, ఏస్త" అన్నాడు యుగంధర్. "ఆ రోడ్డు మీద లైట్లు లెవ్వు మామా. సైకిళ్లకు జాగ లేదు. ఎన్నిసార్లు అడిగినా కౌన్సిలోళ్లు పట్టించుకోలేదట. దాని కోసం ఒకామె నిలవడ్డది. ఆమెకే ఒకటో నంబరు."

"ఎవలడిగిండ్రు?"

"ఆయనే."

"కోర్టుల జెప్పిండ్రా?"

"లేదు. ఆయనే జెప్పిండు." యుగంధర్ నవ్వాడు. "మంచోడు మామా. ఏమన్నా 'గ్రాండ్, గ్రాండ్' అంటడు, ఈడోళ్లు 'మంచిదే' అన్నట్టు."

కొండల్ రావు ఖాళీ కుర్చీ వైపు చూశాడు. అది అల్లుడి ఓటా, పోయినాయన ఓటా? ఇన్నేళ్లూ వరసలో నిలబడ్డవాళ్ల మొహాల్లో తాను వెతికింది ఇప్పుడు ఎదురుగా ఉంది. పాత మాట నోటిదాకా వచ్చింది.

యుగంధర్ మామ కొనిపెట్టిన బిస్కెట్ల పొట్లం విప్పి ఒకటి నోట్లో వేసుకుని కసకసా నమిలాడు. ఇంకొకటి తీసి ఖాళీ కుర్చీ ముందు, బల్ల మీద పెట్టాడు.

కొండల్ రావు లేవలేదు.

"ఒకటో నంబరు సాపుగ రాయుండ్రి" అన్నాడు, ఇద్దరి వైపూ చూస్తూ. "అర్థం కాకుంటె చెల్లదంటరు."