లెక్కలమ్మకు చెప్పిన ఆరు నెలలు

మా కంపెనీలో ఆర్థిక విభాగం పెద్దను అందరూ లెక్కలమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ పలుకుతుంది కూడా. మందులు తీసుకెళ్ళే చల్లటి పెట్టెల్లో వేడి ఎంతుందో చెప్పే పరికరాలు తయారుచేస్తాం మేము. ఆవిడ వచ్చినప్పుడు నలభై మందిమి, ఇప్పుడు నూట అరవై. గాజు గది ఇస్తామంటే వద్దని, మెట్ల పక్కన మంచినీళ్ళ యంత్రం దగ్గర బల్ల వేయించుకుంది. నీళ్ళకు వచ్చినవాడు ఊరికే పోడు, ఏదో ఒకటి చెప్పిపోతాడని ఆవిడ నమ్మకం.

అంతకుముందు ఆ ఉద్యోగంలో ఉన్నాయన్ని కత్తెర అనేవాళ్ళం. ఎవరు ఎంత గడువు అడిగినా మూడో వంతు కోసేవాడు. కోస్తాడని మేము ముందే కలిపి అడిగేవాళ్ళం. కలుపుతున్నామని ఆయనకూ తెలుసు. లెక్కలమ్మ కోయదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, పక్కన మన పేరు వేసి, మనకే చదివి వినిపిస్తుంది. ఇక దాని మీదే కంపెనీ నడుస్తుంది.

కొత్త పరికరం పరీక్షలకు ఎంత కాలం కావాలని నన్నడిగింది. నాలుగు నెలలు చాలు. కానీ ఇంట్లో పది నెలల పాప. వారం తిరక్కుండా జ్వరం, డేకేర్ నుంచి రోజూ ఫోను. ఎక్కడ చతికిలబడతానోనన్న భయంతో, "ఆర్నెల్లండి," అన్నాను.

"ఆర్నెల్లు. ఇలాగే రాసుకోనా?"

"రాసుకోండి."

నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. కొలతలో తేడా ఉంటే అది ఎంతో పక్కనే రాయాలని నేర్చుకున్నవాణ్ణి.

మూడు వారాలకు లెక్కలమ్మ మా ల్యాబుకు వచ్చింది. చెడు కబురైతే తనే వచ్చి చెబుతుంది, ఇంకొకరితో పంపదు. సోల్డరింగ్ చేసే అక్క పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అక్క ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. మా దగ్గర నలభై ఐదు నిండితే పర్మనెంటు చెయ్యరు. ఆమెకు వచ్చే ఏడాది మొదట్లోనే నిండుతాయి.

"మీ పోస్టు ఈ ఏడాది ఇవ్వలేకపోతున్నాను. పరికరం ఆర్నెల్లకు గానీ రాదంటే కొనేవాళ్ళు ఆగలేమన్నారు. ఆ ఒక్క ఆర్డరునే నమ్ముకోవడం నా తప్పు. మీ పనిలో లోటేం లేదు."

"మీరు మాత్రం ఏం చేస్తారులేమ్మా," అంది అక్క.

లెక్కలమ్మ మెట్ల దాకా వెళ్ళాక వెనకాలే పరిగెత్తాను.

"మేడం, నాలుగు నెలలు చాలు. రెండు నేనే కలిపాను."

"ఎందుకు?"

"కత్తెరగారు కోసేవారు కదా, ఆ అలవాటు..."

"ఆయన వెళ్ళి మూడేళ్ళయింది. నేనెప్పుడైనా కోశానా?"

"లేదు. పాపకి ఒంట్లో బాగుండటం లేదు. భయమేసింది."

"ఆ మాట చెప్పొచ్చుగా, ఇంకో మనిషిని ఇచ్చేదాన్ని. భయం మీ దగ్గర దాచుకుని, అంకె ఒక్కటే నాకిచ్చారు."

అరవలేదు. అరిచినా బాగుండేది. "కొనేవాళ్ళతో నేను మాట్లాడతాను. ఆమెకి మాత్రం మీరే చెప్పండి," అని వెళ్ళిపోయింది.

చెప్పాను. అక్క సోల్డరింగ్ రాడ్‌ను స్టాండులో పెట్టి చేతులు తుడుచుకుంది.

"తెలుసు తమ్ముడూ. చేసేది నేనేగా. నాలుగు కూడా పట్టదు, మూడున్నర."

"మరి నేను ఆర్నెల్లన్నప్పుడే అనలేదేం అక్కా?"

"నన్నెవరడిగారు? చంటిపిల్ల తండ్రివి, నీ అవసరం నీకుంటుందిలే అనుకున్నా. అది తిరిగొచ్చి నా మెడకే చుట్టుకుంటుందనుకోలేదు."

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆర్డరు తిరిగి రాలేదు. వాళ్ళు అప్పటికే వేరేచోట ఒప్పందం చేసుకున్నారు. పరికరం మూడున్నర నెలల్లోనే సిద్ధమైంది. ఏడాది మారింది, అక్కకు నలభై ఐదు నిండాయి. నాకు శిక్షంటూ ఏమీ పడలేదు. ఇప్పుడు లెక్కలమ్మ ల్యాబుకే వచ్చి, గడువెంతో అక్కనే అడిగి, అక్క పేరే రాసుకుంటుంది. కింద సంతకం మాత్రం నాది. అక్క ఎదురుగానే ఉంటుంది. నేను తలెత్తకుండా సంతకం పెట్టి కాగితం ఇచ్చేస్తాను.