పిలుపు బొట్టు

ఇస్నాపూర్ కిరాయి గదుల వరుసలో స్వరూపకు పట్టింపు మనిషని పేరు. మందుల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి వచ్చినా, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పదహారేళ్ల కూతురు అంకితకు తల దువ్వి, గుమ్మంలో పక్కన కూర్చోబెట్టుకున్నాకే చాయ్ తాగుతుంది. ఎవరైనా "పిల్ల తిన్నదా?" అంటే, "దాన్నే అడుగు" అంటుంది. మొన్న పక్కింటి అంజమ్మ కొడుకు లగ్గానికి పిలవడానికి వచ్చి, అంకితను దాటి స్వరూపకు కుంకుమ పెట్టబోయింది. స్వరూప నొసలు వెనక్కి తీసుకుంది.

"ముందుగాల బిడ్డకు పెట్టు, అక్కా."

"దానికేం తెలుస్తది? నువ్వొస్తే సాలదా?"

"పిలవకపోతే తెలుస్తది. అది రాని లగ్గానికి నేనూ రాను."

అంజమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది. ఈలోగా అంకితే ముంగురులు పైకి తోసుకుని, నుదురు ముందుకు వంచింది. బొట్టు పెట్టించుకున్నాక అడిగింది: "లగ్గంల యాటకూరేనా, పెద్దమ్మా?"