కనుమ దాటని బండి

తిరుపతి బస్టాండు ఎదుట టీకొట్టులో అల్లం దంచుతున్న వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. లద్దాఖ్ కొండల్లో, రోడ్డు పక్కన అల్లం టీకి స్టవ్వు వెలిగించి నిలబడిన మునిరత్నంగారు కళ్ళముందు మెదులుతారు. మా జిల్లావాళ్ళను హిమాలయాలకు తీసుకువెళ్ళే చిన్న యాత్రా సంస్థ ఆయనది. పలమనేరులో పాడి మీద బతికే మా కుటుంబంలో తొలి పట్టభద్రుణ్ణి నేను. నా మొదటి ఉద్యోగం ఆయన వద్దే.

ఆయన టీని బండిలో ఎవరికీ సీటు దగ్గరకు అందించేవారు కాదు. ఎంత పెద్దవారైనా దిగి, పది అడుగులు నడిచి తీసుకోవలసిందే. అది అహంకారమని మొదట్లో అనుకున్నాను. నేను మాత్రం ప్రతి ఉదయం ఒక్కొక్కరి ఆరోగ్యమూ అడిగి పుస్తకంలో శ్రద్ధగా రాసుకునేవాణ్ణి.

ఆ రోజు ఎత్తైన కనుమ దాటి సరస్సు చూడాలి. నగరి నుంచి ఒంటరిగా వచ్చిన సుబ్బమ్మగారు "బాగుండాను నాయనా" అన్నారు. అదే రాశాను. కనుమకు ముందు టీ కోసం దిగినప్పుడు ఆమె రెండుసార్లు పక్కకు తూలారు. గ్లాసు అందుకోబోతే చేయి దారి తప్పింది. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకుంటూ ఉండగానే మునిరత్నంగారు ఆమెను డ్రైవరు క్యాబిన్‌లో పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, తలుపు మూశారు.

"కనుమ మీద మంచు పడిందంట. దిగిపోదాం," అన్నారు అందరితో.

"మరి పైకెక్కే ఆ బండ్లన్నీ యాడికి పోతా ఉండాయప్పా, పెండ్లికా?" అన్నాడు చిత్తూరు వ్యాపారి ఒకాయన. "తిరుమల మోకాళ్ళ పర్వతం ఎక్కినోళ్ళం. మాకా నువ్వు కొండ సూపించి బెదిరించేది?"

"మోకాళ్ళు మీవి గట్టివే అప్పా. నా గుండే పిరికిది."

దిగువ ఊరి డాక్టరు ఆమెను చూసి, ఎత్తు పడక మెదడులో నీరు చేరిందనీ, ఇంకాస్త పైకి వెళ్ళి ఉంటే దక్కేవారు కాదనీ చెప్పారు. ఆమె కోలుకున్నారు. తక్కినవారికి ఆమెకు కడుపునొప్పి అని మాత్రమే తెలిసింది. తిరుపతి చేరేదాకా ఆయనను తిడుతూనే ఉన్నారు.

"నిజం చెప్పేయవచ్చు కదండీ?" అన్నాను, తట్టుకోలేక.

"సెప్తే ఆయమ్మను సూపుల్తోనే సంపేస్తారబ్బా. ఈ వయసులో ఎందుకొచ్చినావంటారు. మళ్ళా గడప దాటదు. నన్ను తిట్టనీలే."

నా పుస్తకం తెరిచి, తప్పు నాదేనన్నాను.

"ఆమె సెప్పిందే రాసినావు. మనోళ్ళు పక్కోళ్ళకు ఇబ్బందని, బాగలేదని నోరు తెరిచి సెప్పరు. పది అడుగులు నడిపించి సూడల్ల."

ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు యాత్రలు నేనే నడుపుతున్నాను. జరగకుండా ఆగిన ప్రమాదాన్ని ఎవరికీ చూపించలేమనీ, దాని బదులు వచ్చే మాటలను మౌనంగా మోయాలనీ ఈ పనిలోనే తెలిసింది. మొన్న టీకి నడుస్తూ తూలిన ఒక పెద్దాయన కోసం మళ్ళీ కనుమ కింద బండి తిప్పించాను. వెనక సీటు నుంచి ఒకరు అరిచారు: "నీకు ఈ పని నేర్పించిన మహానుభావుడు ఎవరప్పా?"

ఆయన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కోపంలో వాళ్ళ నోట ఆ పేరు పడటం ఇష్టంలేక ఊరుకున్నాను. బండి దిగుతూనే ఉంది.