గోలీలు మొదలుపెట్టిన రోజుల్లో మల్లేశన్న

ఉప్పుగూడ స్టేషన్‌కు పోయే దారిలో ఒక చిన్న బేకరీ ఉంది. మొన్న మా అమ్మాయిని బడి దగ్గర దింపి వస్తుంటే ఆ బేకరీ ముందు వాసన తగిలి బండి ఆపాను. పెనం మీద డబల్‌రొట్టె కాలుతోంది. వెన్నా నూనే ఏమీ లేకుండా ఉత్తగా కాలుతున్న రొట్టె, అంచులు కొంచెం మాడి. చాలామందికి అది ఆకలి పుట్టించే వాసన కూడా కాదు. నాకు మాత్రం అక్కడే నిలబడి ఇంకాసేపు పీల్చుకోవాలనిపించింది. నేను ఏదీ తినలేని రోజుల్లో, తింటే కడుపులో నిలిచిన ఒకే ఒక్క తిండి అది. దాన్ని వర్క్‌షాప్ పక్కనున్న హోటల్లో రోజూ దగ్గరుండి కాల్పించి తెచ్చిన మనిషి మల్లేశన్న.

మల్లేశన్న మా సూపర్‌వైజర్. కంచన్‌బాగ్ చుట్టుపక్కల పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో నేను లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. గుంటూరు జిల్లా నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చాను. మల్లేశన్నది తాతల కాలం నుంచీ ఉప్పుగూడే. ఇంటి వెనక బర్రెలున్నాయి. పాలు పిండి, వాడికల ఇళ్ళకు పోసి, స్నానం చేసి డ్యూటీకి వచ్చేవాడు. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పెద్దది. మిషన్లన్నీ తిరుగుతున్నా ఆ చివర నుంచి ఆయన పిలిస్తే ఈ చివర వినపడేది. మొదటిరోజు సార్ అంటే ఊరుకోలేదు. "సార్ ఏంది? నేనేమన్న బడిపంతుల్నా? అన్న అను" అన్నాడు. మిషన్ మీద చేసే ముక్కను జాబ్ అంటాం; దాని కొలత తప్పితే ఆ గొంతుతోనే తిట్టేవాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ తిట్టు సంగతే ఆయనకు గుర్తుండేది కాదు.

నాకు జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. కారణం అడిగితే అదీ చెప్పలేను. ఇంట్లో గొడవల్లేవు, ఉద్యోగం పోలేదు. అయినా పొద్దున లేవడమే పెద్ద పని అయిపోయింది. పాప వచ్చి మీద ఎక్కి ఆడుతుంటే నాకేమీ అనిపించేది కాదు. అలా అనిపించకపోవడమే భయపెట్టేది. మా ఆవిడ సునీత కొన్నాళ్ళు చూసి, ఇక నా మాట వినకుండా సంతోష్‌నగర్ వైపు ఉన్న ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఓపికగా అంతా విని డిప్రెషన్ అంది. రోజుకొక మాత్ర రాసిచ్చింది. "మొదట్లో కడుపులో తిప్పుతుంది, నిద్ర చెడొచ్చు, కంగారుగా ఉండొచ్చు. చాలామందికి అవి తగ్గిపోతాయి. గుణం కనపడడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు ఆపకండి. కంగారు మరీ ఎక్కువైనా, చెడ్డ ఆలోచనలు వచ్చినా వెంటనే ఫోన్ చేయండి" అని మా ఇద్దరికీ విడివిడిగా చెప్పింది.

విన్నప్పుడు చిన్న విషయంలాగే అనిపించింది. ఒంటిమీదికి వచ్చాక తెలిసింది. మందు పనిచేయడం ఇంకా మొదలవలేదు, దాని బాధలు మాత్రం ముందే వచ్చేశాయి. నోరు ఎండిపోయేది. ఆవులింత మీద ఆవులింత. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట. అన్నిటికన్నా ఘోరం కడుపులో తిప్పడం. ఏళ్ళ తరబడి అలవాటైన, మిషన్ మీద పోసే కటింగ్ ఆయిల్ వాసనకు కూడా వాంతి వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. పిచ్చిమందులు మింగుతున్నాడని పేరు పడితే ఈ ఊళ్ళో ఇంకే వర్క్‌షాపులోనూ మిషన్ ముట్టుకోనివ్వరని నా భయం. ఆ భయంతోనే పనికి వెళ్ళి, వణికే చేతుల్తోనే లేత్ ముందు నిలబడ్డాను.

మల్లేశన్న ఎంతసేపు చూశాడో తెలియదు. నా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి స్విచ్ ఆపేసింది. ఇనప ముక్కను పట్టి తిప్పే చక్ ఆగింది.

"ఏంది శీనూ, తాగినవా?" అన్నాడు. ఆ రోజు ఆ గొంతు నాకొక్కడికే వినపడేంత చిన్నగా ఉంది.

"లేదన్నా."

"మరి చేతులేంది గట్ల వణుకుతున్నయ్? గా తిరిగే దాంట్ల వేలు పడితే ఏం గావాలె? బయటికి పా."

బయట రేకుల షెడ్డు కింద, ఇనప చువ్వల కట్ట మీద కూర్చోబెట్టాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేక, ఉన్నదంతా చెప్పేశాను. చెప్పి ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. నవ్వుతాడో, జాలిపడతాడో, మనసు గట్టిగా చేసుకొమ్మని సలహా ఇస్తాడో అనుకున్నాను. ఈ మూడింట్లో ఏది చేసినా మళ్ళీ ఆయనతో మాట్లాడేవాణ్ణి కాదేమో.

ఆయన తలగోక్కుని, "గీ బీమారి గురించి నాకేం ఎర్క లేదు. డాక్టరమ్మ ఏం జెప్పిందో మొత్తం జెప్పు, ఒక్క ముక్క ఇడువకు" అన్నాడు. చెప్పాను. "అయితే గీ తిప్పుడు, వణుకుడు వస్తయని ముందే జెప్పింది గదా. వచ్చినయ్. ఆమె జెప్పింది నిజమే అయితున్నది. తగ్గుతదన్నది గూడ నిజమే అయితది. అందాక మిషన్ ముట్టకు. కూసోని ఆకురాయి పట్టు. ఎవ్వలన్న అడిగితే కడుపు బాగలేదను, అబద్ధం గూడ గాదు. మిగిలింది చెప్పుకుంటవో లేదో నీ ఇష్టం, నా నోట్ల నుంచి రాదు" అని లేచి లోపలికి పోయాడు.

అలా నేను లేత్ నుంచి ఆయన టేబుల్ పక్కనున్న స్టూలు మీదికి మారాను. తయారైన భాగాల అంచులు ఆకురాయితో సాఫు చేయడం నా పని. రాత్రిళ్ళు ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటున్నానని తెలిసి, "ఉత్త కడుపుల గోలీ ఏసుకుంటరా ఎవ్వలన్న?" అని కేకలేశాడు. అన్నం దిగట్లేదంటే డబల్‌రొట్టె కాల్పించి తెచ్చాడు. కొంచెం కొంచెం తుంచుకుని తినమని, తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు. రోజూ పొద్దున "ఎట్లున్నవ్?" అని అడిగేవాడు. బాగున్నానంటే ఒప్పుకునేవాడు కాదు. "గది నేను అడుగలే. కడుపెట్లున్నది? నిద్రెట్లున్నది? గుండెల ఎట్లున్నది? ఒక్కొక్కటి జెప్పు" అనేవాడు. మొదట విసుగ్గా ఉండేది. కొన్నాళ్ళకు ఆ ప్రశ్నల వల్లే ఒక సంగతి గమనించాను. అన్నీ ఒకేలా లేవు. వణుకు అలాగే ఉన్నా, కడుపులో తిప్పడం నిన్నటికంటే తగ్గింది. అంతా ఒకే చీకటి అనుకున్నది ముక్కలుగా కనపడింది. వాటిలో ఒకటి రెండు అప్పటికే వదిలిపోతున్నాయి.

కానీ నిద్ర పూర్తిగా చెడింది. దాంతోపాటు ఒంట్లో ఏదో పరుగెడుతున్నట్టు, ఎక్కడా కుదురుగా కూర్చోలేని ఒక ఆరాటం పట్టుకుంది. ఒకరోజు ఆకురాయి కింద పడేసి, "ఇక నావల్ల కాదన్నా. మాత్రలు మానేస్తాను. ముందున్న జబ్బే నయం" అన్నాను.

మల్లేశన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఒకటి అడుగుత, నిజం జెప్పు. సచ్చిపోవాలె అని గిట్ల అనిపిస్తున్నదా?"

నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. ఆ మాట వింటూనే విచిత్రంగా నాకు కొంచెం ఊపిరాడింది. "లేదన్నా. కానీ ఇది ఇలాగే ఉంటే ఏమవుతానోనని భయంగా ఉంది."

"సరే. ఇడిసిపెట్టాల్నా వద్దా అన్నది నువ్వూ నేనూ జెప్పేది గాదు. ఫోన్ కొట్టు."

డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే రమ్మంది. మల్లేశన్న తన స్కూటర్ మీద ఎక్కించుకున్నాడు. పాతబస్తీ రద్దీలో ఆటోల మధ్య నుంచి, దారికి అడ్డమొచ్చిన ప్రతివాడితో "అరే భాయ్, జరా హటో" అంటూ లొల్లి చేసుకుంటూ తీసుకెళ్ళాడు. ఆసుపత్రి వరండాలో ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని నేను కర్చీఫ్ ముఖానికి అడ్డం పెట్టుకుని మూల బెంచీ మీద కూర్చున్నాను. ఆయన పోయి తలుపు ఎదురుగా, అందరికీ కనపడేలా కూర్చున్నాడు. అంతలో మల్లేశన్న వాళ్ళ గల్లీలో ఉండే ఒకామె లోపలి నుంచి వచ్చింది. ఆయన్ని చూసి, తలమీద కొంగు ముందుకు లాక్కుంది. "ఏమమ్మా, బాగున్నరా? మంచిపని జేసిన్రు వచ్చి. ఆటో ఆపాల్నా?" అన్నాడు మామూలుగా, కూరగాయల దుకాణం దగ్గర కలిసినట్టు. ఆమె కొంగు వెనక్కి జార్చుకుని, "వద్దన్నా, మా ఆయన వస్తుండు" అని నవ్వింది. నేను కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ మోతాదు తగ్గించి, నెమ్మదిగా పెంచుదామంది. రాత్రి వేసుకునేదాన్ని పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చింది. ఫోన్ చేసి మంచిపని చేశారంది. ఆ ఆరాటం రెండు మూడు రోజుల్లోనే నెమ్మదించింది. నిద్రకు ఇంకొంచెం సమయం పట్టింది.

బాగుపడ్డ రోజు ఇదీ అని చెప్పడానికి లేదు. కానీ ఒక మధ్యాహ్నం గుర్తుంది. వాళ్ళ ఇంట్లో ఏదో శుభకార్యం జరిగి, మల్లేశన్న అందరికీ బగారన్నం, వంకాయ కూర తెచ్చాడు. నేను రెండు ముద్దలు తిని, "అన్నా, ఉప్పు తక్కువైంది. వంకాయ కూడా సరిగ్గా మగ్గలేదు" అన్నాను. ఆయన తినడం ఆపేశాడు. ఎంగిలి చేత్తోనే నా భుజం పట్టుకుని ఊపి, "వంకలు వెడుతున్నడురా శీనుగాడు! మస్తు వెడుతున్నడు!" అని షెడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు. మిగతావాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ ఏం పెట్టినా రుచి తెలియకుండా మింగుతున్నానని నాకూ అప్పుడే తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూరలో కారం ఎక్కువైందన్నాను. అదీ వంకే అన్నాడు.

చేతుల వణుకు పూర్తిగా పోయి, డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ లేత్ దగ్గరికి వెళ్ళాను. మొదటి జాబే కొలత తప్పాను. మల్లేశన్న ఏమాత్రం మొహమాటపడకుండా పాత గొంతుతో, అందరూ వినేలా తిట్టాడు. అంత హాయిగా ఏ తిట్టూ పడలేదు.

తర్వాత చాలాకాలానికి డాక్టరమ్మ మాత్రల్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపించింది. మల్లేశన్న రిటైరై ఇప్పుడు బర్రెల దగ్గరే ఉంటున్నాడు. ఆదివారాలు వెళ్తే ఆయన భార్య, మా వదిన, చిక్కటి చాయ్ ఇస్తుంది. ఆయన కబుర్లకు అడ్డూ ఆపూ ఉండదు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. అంత గొంతు నాకు లేదు, రాదు కూడా.

పోయిన నెల మా దగ్గర పనిచేసే సలీం టేబుల్ ముందుకొచ్చి చాలాసేపు అదీ ఇదీ మాట్లాడాడు. చివరికి, డాక్టర్ ఏవో మాత్రలు ఇచ్చారని, అవి మొదలుపెట్టినప్పటి నుంచి ఒళ్ళు తన మాట వినట్లేదని చెప్పాడు. తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చున్నాను. నాకు తెలిసినదంతా ఒక్కసారిగా చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. మల్లేశన్నైతే ముందు వినేవాడు.

"తొందరేం లేదు సలీం" అన్నాను. "మొదటినుంచీ చెప్పు."